దుర్గ చూడని రైలుబండి

నవల చలనచిత్రమైనప్పుడెల్ల, మూలములోని ఘట్టములలో ఏవి నిలిచినవి, ఏవి తొలగినవి అని లెక్కించుట మనకు పరిపాటియైనది. ఈ లెక్కయే ప్రమాణమైనచో, 1929లో గ్రంథరూపము దాల్చిన విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల 'పథేర్ పాంచాలీ'ని 1955లో తెరకెక్కించిన సత్యజిత్ రాయ్ దోషియే కావలెను. కథలోని బాలుడు అపూ, ఆతని అక్క దుర్గల తండ్రియైన హరిహరుని కాశీవాసము, హరిహరుని మరణము, ఆ పిల్లల తల్లి సర్వజయ సంపన్నుల యింట వంటపనికి కుదురుట, ఇవేవియు ఈ చిత్రమున లేవు. ఊరు విడిచిన ఎడ్లబండితోనే కథ ఆగిపోవును.

కాని విచారింపదగినది విడిచినది కాదు, మార్చినది. నవలలో ఆ కుటుంబపు ముదుసలి బంధువు ఇందిర, అపూ ఇంకను పసికందుగా ఉండగనే, పరుల పంచన ప్రాణము విడుచును. ఆమెతో ఒక తరమే గతించినదని రచయిత ఆ భాగమును ముగించును. రాయ్ ఆమెను అపూ బాలుడగువరకు బ్రతికించి, వెదురుపొదలలో ఆమె మృతదేహము పిల్లల కంటబడునట్లు చేసెను. దుర్గ మరణమునకు ముందే ఆ పిల్లలకు మృత్యువుతో పరిచయము కలిగించిన ఈ మార్పు, ఇందిర పాత్ర ధరించిన చునీబాలాదేవి బోసినోటి ముఖమును మనకు చిరకాలము చూపిన ఈ మార్పు, నా దృష్టిలో మూలమునకు ద్రోహము కాదు, దాని హృదయమును గుర్తెరిగిన పని. దుర్గ దొంగిలించిన వస్తువు విషయమును అట్టిదే. నవలలో అది బంగారు కుంకుమభరిణె, అపూ దానిని వెదురుతోపులోనికి విసరివేయును. చిత్రములో అది పూసలదండ, చెరువులో పడగనే నాచు విడివడి మరల కలిసికొనును. చనిపోయిన అక్క గుట్టు దాగిన తీరును ఇంతకంటె చక్కగా ఏ వాక్యమును చెప్పజాలదు.

రైలుబండి విషయమున మాత్రము నేను నవల పక్షమే వహింతును. చిత్రములో అక్కాతమ్ములు రెల్లుపూల నడుమ పరుగిడుదురు. దుర్గ తొట్రుపడి వెనుకబడగా, అపూ రైలుకట్టను చేరి బండిని కన్నులార చూచును. 1952లో చిత్రీకరణ ఆరంభమైనది ఈ దృశ్యముతోనే. మరల వచ్చి చూచునప్పటికి ఆ పూలను పశువులు మేసివేయగా, మరుసటి ఋతువువరకు వేచియుండవలసి వచ్చినదట. అంత శ్రమ ఫలించిన దృశ్యసౌందర్యమును నేను కాదనను. అయినను, నవలలో ఆ పిల్ల బ్రతికియున్నంతకాలము రైలును చూడనేలేదు. జ్వరశయ్యపైనుండి, తనకు నయమైన పిమ్మట రైలును చూపుమని తమ్ముని వేడుకొని, ఆ కోరికతోనే కన్నుమూయును. తరువాత ఊరు విడిచి పోవుచు అపూ రైలెక్కునప్పుడు, ఆతని చూపులో అక్క చూడలేకపోయిన చూపు కూడ కలిసియుండును. ఆనందమును ముందుగనే పంచిపెట్టిన చిత్రమునకు ఈ దుఃఖము దక్కలేదు.

దక్కనిది మరియొకటి యున్నది. తల్లి భారతము చదువుచుండగా, నేలలో క్రుంగిన రథచక్రమును ఎత్తబోవు కర్ణునికై అపూ కన్నీరు పెట్టుకొనును. ఓడినవాని పక్షమున నిలుచు ఆ బాలుని ఊహాలోకమే నవలకు సగము ప్రాణము. కెమెరా అపూ కన్నులను చూపినది గాని ఆ కన్నులలోని కర్ణుని చూపలేదు. భారతము వినుచు పెరిగిన తెలుగువారికి ఈ అపూ పరాయివాడు కాడు. చిత్రము చూచి తృప్తిపడినవారు మద్దిపట్ల సూరి అనువాదములో ఆతనిని కలిసికొనవలెనని నా కోరిక.