గృహోపకరణములు: పాత కంప్యూటరునకు క్రొత్త భాగములు

పది సంవత్సరముల క్రిందటి బల్లమీది కంప్యూటరు మందగించినంతనే దానిని పాతసామానులవాని పాలుచేయుట పెక్కిండ్లలో చూచుచున్నాము. తొందరపడకుడు.

మొదట మార్పదగినది హార్డుడిస్కు. అది తిరుగు పళ్లెములపై వెదకి చదువునది, ఎస్.ఎస్.డి.లో తిరుగునదేదియు లేదు, కావున వేగము హెచ్చు. సాటా అమరిక గల పాత బోర్డునకు 2.5 అంగుళములది సరిపోవును. పిమ్మట మెమరీ. 4 జీబీ యున్నచో 8 చేయుట మేలు. అయితే డీడీఆర్3 గాడిలో డీడీఆర్4 పట్టదు. పాతముక్కను అంగడికి వెంట గొనిపోవలెను.

ప్రాసెసరు కొనుటలో మెలకువ వలయును. ఇంటెల్ వారి ఏడవ తరపు బోర్డునకును, ఎనిమిదవ తరపు డెస్క్‌టాపు చిప్పునకును సాకెట్టు పేరు 1151యే. అయినను ఆ బోర్డున నీ చిప్పు పనిచేయదు. బోర్డును గూడ మార్పవలసివచ్చినచో, క్రొత్తదాని వెలతో పోల్చి చూచుకొనుడు.

విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11నకు టీపీఎం 2.0ను, ఆమోదము పొందిన ప్రాసెసరును కావలెను. అవి లేనిచో ఉచితముగ లభించు లినక్సు కలదు.

అన్నిటికంటె ముందు, పాతడిస్కులోని బిడ్డల చిత్రములను, ఇంటిపద్దులను వేరొకచోట భద్రపరచుకొనుడు. భాగములు మరల కొనవచ్చును, అవి కొనరావు. యంత్రముల సంగతి పురుషులదని యూరకుండుట తగదు. బియ్యము బేరమాడి కొనగల యిల్లాలు, ఈ నాలుగు సంగతు లెరిగినచో, అంగడివాని మాటలకు లోబడదు.