ఏటి ఒడ్డున గుర్రపుసాల



జట్కాబండ్లు తిరిగిన కాలములో బెజవాడలో గుర్రము యజమాని కుటుంబానికి అన్నము పెట్టే జీవి. ఇప్పుడు ముచ్చట కొరకో, పెండ్లి ఊరేగింపుల కొరకో, పిల్లల సవారీ కొరకో పెంచుతున్నారు. భవానీపురంలో కృష్ణ ఒడ్డున కాస్త స్థలమున్న వారికి ఈ ఆశ కలగడం సహజమే. "మా స్థలము, మా గుర్రము, ఒకరిని అడగడమెందుకు?" అనుకోవడమూ సహజమే. అయితే అడగవలసిన వారున్నారు.

మొదట నది సంగతి చూద్దాము. మద్రాసు ప్రభుత్వము 1884లో చేసిన నదుల పరిరక్షణ చట్టము ప్రకారము, నది హద్దులుగా ప్రకటించిన భూమిలో అనుమతి లేక ఏ కట్టడమూ కట్టరాదు. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నియమములు నది అంచు నుండి పట్టణ హద్దుల లోపల 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు విడువవలెనని చెప్పాయి. ఆ అంచు మనము తాడు పట్టి కొలుచుకొనేది కాదు. నీటిపారుదల, రెవెన్యూ శాఖలవారు నిర్ణయించేది.

"నాలుగు గుంజలు, పైన రేకులు, అంతేగదా" అనేవారు ఇంకొకటి గమనించవలెను. విజయవాడ కార్పొరేషనుకు వర్తించే మున్సిపల్ చట్టములో 'భవనము' అంటే ఇల్లు మాత్రమే కాదు. గుర్రపుసాల, షెడ్డు, కంచె కూడా అందులో చేరియున్నవి. గనుక ముందుగా కార్పొరేషను టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్ళి, మాస్టర్ ప్లానులో మన స్థలము నివాస ప్రాంతములో ఉన్నదో, మరి దేనిలో ఉన్నదో చూపించమని అడగండి. సర్వే నంబరు, దస్తావేజు నకలు తీసుకొని వెళ్ళండి. గుర్రమును అద్దెకు త్రిప్పే ఉద్దేశముంటే అదీ దాచక చెప్పండి. ముచ్చటకు పెంచడం వేరు, వ్యాపారము వేరు. ప్రజారోగ్య విభాగమువారిని కూడా అడగండి. జవాబు ఏదైనను వ్రాతమూలకముగా పొందండి.

ఈ నియమములు ఊరకే పుట్టలేదు. పెద్ద గుర్రము రోజుకు సుమారు 20 కిలోల లద్దె వేస్తుంది. నెలకు ఆరు వందల కిలోలు. పక్కనే విద్యాధరపురంలోని హెడ్ వాటర్ వర్క్స్ ఈ నది నీటినే శుద్ధిచేసి నగరానికి ఇస్తున్నది. మన సాల కడిగిన నీరు ఎవరి బిందెలోనికి చేరుతుందో ఆలోచించవలెను. లద్దెకు దూరముగా, మూతగల గుంట ఉండాలి. రైతులకు అది మంచి ఎరువు. గుర్రములకు వచ్చే గ్లాండర్స్ వ్యాధి మనుష్యులకు కూడా సోకుతుంది. ఆ అనుమానము కలిగితే అధికారులకు తెలియజేయడం 2009 నాటి చట్టము ప్రకారము తప్పనిసరి.

వరద మాట మరువరాదు. ప్రకాశం బ్యారేజి వద్ద 2009 అక్టోబరులో సుమారు 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు ప్రవహించాయి. ఆ 2024లోనే బుడమేరు పొంగి ఈ పక్క కాలనీలలో కూడా నీరు నిలిచింది. నీరు వచ్చిన రాత్రి మనము మేడ ఎక్కుతాము. కట్టుకొయ్యకు కట్టిన గుర్రము ఎక్కడికి ఎక్కుతుంది? దానిని ఏ మెట్టకు, ఎవరు, ఏ దారిని తోలుకొనిపోవుదురో ఇంట్లో ముందే అనుకొని ఉంచండి.

దరఖాస్తు పెట్టకమునుపే ఇరుగుపొరుగు వారింటికి వెళ్ళి, వాసన, ఈగలు, రాత్రి సకిలింపుల గూర్చి వారి మాట వినండి. ముందు కట్టి, తరువాత అడుగుదామంటే, నోటీసు వచ్చిన దినమున ఎక్కువగా నష్టపోయేది ఆ నోరులేని జీవియే. అనుమతి రాకపోతే నిరాశపడవద్దు. పొలమున్న బంధువుల ఊరిలో, మెట్టమీద, దానికి ఇంతకంటె మంచి చోటు దొరకవచ్చును. ఉలవలు కొనేలోపు ఆ చోటు చూచుకొనండి.