"కంప్యూటర్ తీసేసింది" అంటే మేం ఒప్పుకోం



స్కాలర్‌షిప్ కాగితాలు మన సంఘం ఐడీ నుంచి ఒక ఆఫీసుకు గడువులోపే పంపాం. అవి అక్కడ స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉన్నాయి. అడిగితే "కంప్యూటర్ తీసేసింది, మేమేం చేస్తాం" అన్నారు. కంప్యూటర్ తనంతట తాను ఏదీ తీసెయ్యదు. ఎవరో రాసిన రూలు, ఎవరో వేసిన మార్కు, ఎవరో గీసిన గీత తీసేశాయి.

చాలా సర్వర్లలో నడిచే స్పామ్‌అస్సాసిన్ సంగతే చూడండి. వచ్చిన ప్రతి మెయిల్‌నీ వందల రూళ్లతో పరీక్షిస్తుంది. సబ్జెక్టు అంతా ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉంటే కొంత, అసలు సబ్జెక్టే లేకపోతే కొంత, పంపిన సర్వర్ బ్లాక్‌లిస్టులో ఉంటే ఇంకొంత. ఎవరూ మార్చకపోతే గీత 5 దగ్గర ఉంటుంది. అది తాకితే స్పామ్ ముద్రే. ఆ మార్కులు ఎక్కడివి? వాలంటీర్లు తమకొచ్చిన మంచి మెయిళ్లు, చెత్త మెయిళ్లు వేరుచేసి ఇస్తే వాటి మీద లెక్క కట్టినవి. ఆ కుప్పలో మన తెలుగు ఉత్తరాలు ఎన్ని ఉండి ఉంటాయో మీరే ఊహించుకోండి.

2010 జనవరి 1న ఏం జరిగిందో తెలుసా? భవిష్యత్తు తేదీతో వచ్చే దొంగ మెయిళ్లను పట్టడానికి ఎప్పుడో ఒక రూలు రాశారు. 2010 నుంచి ఏ సంవత్సరం కనిపించినా మార్కులు వెయ్యమని. ఆ సంవత్సరం రానే వచ్చింది. ఏ తప్పూ లేని మెయిళ్లకు చాలాచోట్ల మూడుకు పైగా మార్కులు పడ్డాయి. డెవలపర్లు దాన్ని అంతకుముందే దిద్దారు, కానీ జనం వాడుతున్న వెర్షన్‌లోకి ఆ దిద్దుబాటు చేరలేదు. పుట్టిన తేదీయే నేరమైంది.

ఈ మాట మనకు కొత్తా? బాపట్ల నుంచి చీరాలకు రైల్లో వస్తుంటే స్టూవర్టుపురం స్టేషన్ తగులుతుంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలుచేసి, ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ అది. ఏం చేశాడన్నది తర్వాత, ఏ ఇంట పుట్టాడన్నదే ముందు. 1952లో చట్టం పోయింది. ముద్ర పోయిందా? 1991లో ఆ ఊరి పోలీస్ స్టేషన్ పేరుతో ఒక సినిమా, 2023లో ఆ ఊరి దొంగ మీద ఇంకోటి! మెయిల్‌కీ మనిషికీ పోలికేంటి అంటారేమో. పోయిన మెయిల్ మళ్లీ పంపొచ్చు, నిజమే. గడువు దాటాక పంపి ఏం లాభం?

మేం ఫిల్టర్ వద్దనడం లేదు. స్కాలర్‌షిప్ వచ్చిందని ఓటీపీ అడిగే దొంగ మెయిళ్లు మన పిల్లలకూ వస్తున్నాయి. కాబట్టి గీతను 5 నుంచి 10కి జరపడం మందు కాదు, దొంగలకూ తలుపు తీసినట్టే. ఏ రూలు తప్పు పట్టిందో చూసి దాన్నే దిద్దాలి. ఆ సంగతి దాచిపెట్టిందేమీ కాదు. స్పామ్‌అస్సాసిన్ ఉన్నచోట మెయిల్ హెడర్‌లో ఎక్స్-స్పామ్-స్టేటస్ అనే లైన్ ఉంటుంది. ఎంత స్కోరు, గీత ఎంత, ఏయే రూళ్లు తగిలాయి, అన్నీ అందులోనే. పోలీసు రిజిస్టర్‌లో మన తాతలకు ఆ మాత్రం కూడా చూపించలేదు.

మన వైపు పని మనం చేద్దాం. సబ్జెక్టు రాయండి, సొంత డొమైన్ ఉంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిచూసుకోండి. అయినా "కంప్యూటర్ తీసేసింది" అన్నారా, ఆ హెడర్ లైన్ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ ఆఫీసైతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు నమూనా రేపు ఇక్కడే పెడతాం.