కూలి ఎగ్గొట్టి, ప్రతిభ లేదంటారా?

ఏ సంగీత సభకు వెళ్ళినా, ఏ టీవీ చర్చ పెట్టినా, మహాగాయకుల వర్ధంతి సభల్లో అయితే మరీనూ, ఒక మాట వినబడుతూనే ఉంటుంది. ఒకప్పుడు పాట కళగా ఉండేదట. వ్యాపారం వచ్చి దాన్ని చంపేసిందట. ఇప్పటి పిల్లలకు గొంతు లేదు, సాధన లేదు, కంప్యూటరే పాడేస్తోందట. ఇలా బాధపడేవాళ్ళలో చాలామంది సంగీతాన్ని ప్రాణంగా ప్రేమించేవాళ్ళే. అందుకే ఈ మాటను విని ఊరుకోకూడదు. చరిత్ర చూస్తే ఇది తప్పని తేలుతుంది. అంతకన్నా అన్యాయం ఏమిటంటే, పాటవాళ్ళ కడుపు కొట్టేవాళ్ళ జోలికి వెళ్ళకుండా, దెబ్బ తిన్నవాళ్ళనే దోషులను చేస్తోంది.

మన పద్యనాటకం ఎక్కడ పెరిగింది? టిక్కెట్ల మధ్య పెరిగింది. కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి తెచ్చి, కలిసి రిహార్సలు కూడా వేయించకుండా వేదికెక్కించేవారు. ఒకే నాటకానికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు. జనం వన్స్ మోర్ అంటే పద్యం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సిందే. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, వీళ్ళంతా డబ్బు పుచ్చుకుని పాడినవాళ్ళే. ఇవాళ తెలుగువాడి సొత్తని గర్వంగా చెప్పుకునే ఆ రాగాలాపన ఆ బేరసారాల మధ్యే పదునెక్కింది. క్షేత్రయ్య పదాలను, జావళీలను తరతరాలుగా గొంతులో మోసి మన దాకా తెచ్చిన కళావంతుల స్త్రీలకూ పాటే బతుకుతెరువు. వాళ్ళ పాటను సభల్లోకి తెచ్చుకుని, వాళ్ళను మాత్రం గడప బయట నిలబెట్టిన సమాజం మనది. డబ్బు ముట్టని కళ గురించి మాట్లాడే ముందు ఆ స్త్రీలను ఒక్కసారి తలుచుకోవాలి.

త్యాగరాజు రాజు కానుకలను కాదన్నాడు కదా అంటారు. అంటారు సరే, ఆయన ఉంఛవృత్తికి బయల్దేరితే గిన్నెలో బియ్యం పోసిన ఇళ్ళు ఉన్నాయి. ఘంటసాల విజయనగరంలో మధుకరం ఎత్తుకుని చదువుకున్నారని కళ్ళు చెమర్చేలా చెబుతారు. నిజమే. కానీ అక్కడ పూసపాటివారు 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, చేరదీసి నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి ఉన్నారు, అన్నం పెట్టిన ఊరు ఉంది. ఒక కుర్రాడు ఏళ్ళ తరబడి సంపాదన లేకుండా స్వరం మీద కూర్చోవడానికి అయిన ఖర్చును ఒక సంస్థానం, ఒక గురువు, ఒక ఊరు కలిసి భరించాయి. మనం ఆ ఖర్చు సంగతి మరిచిపోయి ఆకలి కథనే గుర్తుపెట్టుకున్నాం.

ఇక 'శంకరాభరణం'. వ్యాపారం సంగీతాన్ని మింగేసిందనేవాళ్ళకు ఇది వేదం లాంటి సినిమా. 1980లో వచ్చింది. పాశ్చాత్య హోరులో కర్ణాటక సంగీతం ఒంటరిదైపోయిందని ఏడ్చిన సినిమా అది. కానీ అది కూడా సినిమాయే కదా! నిర్మాత పెట్టుబడి పెట్టి, పంపిణీదారులకు అమ్మి, హాళ్ళలో ఆడించిన సరుకు. సంగీతం చేసిన కె.వి. మహదేవన్ అప్పటికి దశాబ్దాలుగా సినిమా బాణీలు కడుతున్నవాడు. కథానాయకుడు శంకరశాస్త్రికి గొంతు ఇచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాడు కాదు. 1966 నుంచి సినిమా మైకు ముందే నేర్చుకుంటూ వచ్చినవాడు. మహదేవన్‌కు సహాయకుడిగా ఉన్న పుహళేంది దగ్గర కూర్చుని, ఒక్కో సంగతి పట్టుకుని, ఆ పాటలు పాడారు. మహదేవన్‌కు, బాలుకు, వాణీ జయరామ్‌కు జాతీయ అవార్డులు వచ్చాయి. అంతకు ముందు కచేరీ గడప తొక్కని ఇళ్ళలో కూడా ఆ కీర్తనలు మోగాయి. సభలు, అకాడమీలు చేయలేని ఆ పని టిక్కెట్టు కౌంటరు చేసింది. ఆ వ్యాపారం గాయకుడికి నేర్చుకునే వ్యవధి ఇచ్చింది. పక్కన కూర్చుని నేర్పే మనిషికి జీతం ఇచ్చింది. వాద్యబృందాన్ని కూర్చోబెట్టి కూలి ఇచ్చింది.

ఇప్పుడు తెగిపోయింది సరిగ్గా అక్కడే. అప్పట్లో మద్రాసు స్టూడియోలో గాయకులు, వయొలిన్లు, వేణువు, తబలా అందరూ ఒకేసారి మొదలుపెట్టి చివరి దాకా వెళ్ళాలి. మూడో చరణంలో ఒకరు తప్పితే అందరూ మళ్ళీ పల్లవి దగ్గరికి రావాలి. అందుకే రిహార్సలుకు పూటలు కేటాయించేవారు. ఇవాళ యూసుఫ్‌గూడలోనో కృష్ణానగర్‌లోనో ఒక చిన్న గది, గోడలకు స్పాంజి, ఒక మైకు, చెవులకు హెడ్‌ఫోన్. పాడాల్సిన అమ్మాయికి బాణీ వాట్సాప్‌లో వస్తుంది. సాహిత్యం ఇంకా పూర్తికాలేదు, డమ్మీ మాటలతో కానిచ్చేయమంటారు. ఒక్కో లైను పాడించి, ఒక్కో మాట దగ్గర పంచ్ చేసి అతికిస్తారు. ఫైనల్లో మీ గొంతు ఉంటుందో ఉండదో ఇప్పుడే చెప్పలేమంటారు. దీన్నే ట్రాక్ పాడటం అంటారు. ఆమె కష్టపడి కనిపెట్టిన విరుపు, ఊపిరి తీసుకున్న చోటు, అన్నీ ఆ ట్రాక్‌లో ఉంటాయి. పేరున్న గాయని వచ్చి, అది విని, దాని మీదే పాడి వెళుతుంది. ట్రాక్ పాడిన అమ్మాయికి కాగితం ఉండదు, పేరు ఉండదు, చాలాసార్లు డబ్బు కూడా ఉండదు. అవకాశం ఇచ్చాం కదా అన్న మాట మాత్రం ఉంటుంది.

ఇది తెలిసి కూడా ఆటోట్యూన్‌ను తిట్టడంతో సరిపెట్టుకుంటున్నాం. అది గొంతులో శ్రుతిని సరిదిద్దే 1997 నాటి సాఫ్ట్‌వేర్. చమురు కోసం భూమి పొరల్లోని ప్రకంపనలను చదివే లెక్కల్లో ఆరితేరిన ఇంజనీరు చేసిన పనిముట్టు. సరిగ్గా పాడిన గమకాన్ని కూడా తెర మీద గీతలా సాపు చేసేది దాన్ని పట్టుకున్న చెయ్యి. ఆ చేతిని తొందరపెట్టేది రేపే లిరికల్ వీడియో వదలాలన్న తేదీ. శ్రుతి తప్పినవాడిని ఈ పనిముట్టు కాపాడుతోందన్న మాటలో నిజం ఉంది, కాదనను. అయితే శ్రుతిలో పాడగలిగిన వాళ్ళకు మన దగ్గర కరువు లేదు. 'పాడుతా తీయగా' 1996 నుంచి చూపిస్తున్నది వాళ్ళనే. 2010లో ఇండియన్ ఐడల్ గెలిచిన శ్రీరామచంద్ర తెలుగువాడే. హైదరాబాద్ పాతబస్తీ యాసతో సొంత పాటలు చేసుకున్న రాహుల్ సిప్లిగంజ్ 2023లో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద పాడాడు. ప్రతిభ ఎండిపోయిన నేల ఇలా ఉండదు.

హక్కుల సంగతికి వద్దాం, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాట మీద మొదటి హక్కు నిర్మాతదని తీర్పు చెప్పింది. పాడిన గొంతుకు చట్టంలో చోటే లేకపోవడం గురించి జస్టిస్ కృష్ణయ్యర్ అదే తీర్పుకు తన ఆవేదనను జతచేశారు. చట్టం కదలడానికి దశాబ్దాలు పట్టింది. 2012 సవరణతో రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో వాటా ఖాయమైంది, దాన్ని ముందే రాయించుకోవడానికి వీల్లేదు. పాడినవారికీ వాయించినవారికీ వాణిజ్య వినియోగంలో రాయల్టీ హక్కు వచ్చింది. మరి వర్ధంతి సభల్లో పాత పాటల విలువ గురించి మాట్లాడే పెద్దల నోట ఈ 2012 చట్టం ఎప్పుడైనా విన్నామా? ట్రాక్ పాడే అమ్మాయికి, సన్నాయి వాయించి వెళ్ళే కళాకారుడికి ఇలాంటి హక్కు ఒకటి ఉందని ఎవరు చెబుతున్నారు?

దర్శనం మొగులయ్యనే చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే అరుదైన కళాకారుడు. 'భీమ్లా నాయక్' టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణం దగ్గర కూలి చేస్తున్నారని పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పదివేలు ఆగిపోయాయని ఆయన చెప్పుకున్నారు. ఆయనకు సన్మానాలు జరిగాయి, సాయాలూ ప్రకటించారు. కానీ సాయం వేరు, హక్కు వేరు. సాయం ఇచ్చినవారికి దండం పెట్టాలి, హక్కుకు అక్కర్లేదు. పాట మోగినప్పుడల్లా పాడినవారి చేతికి కొంత అందే పద్ధతి గట్టిగా నడిస్తే, ఏ కళాకారుడి ఇల్లూ గౌరవవేతనం మీదే ఆధారపడదు. ఆ వయసులో కూలి చేయాల్సి వచ్చిన మనిషిని చూసి కూడా వ్యాపారం కళను చెడగొట్టిందని నిట్టూర్చి ఊరుకుంటే, ఆ నిట్టూర్పు వల్ల లాభపడేది పాటల హక్కులున్న కంపెనీలే. కళాకారుడు డబ్బు అడగడమే తప్పన్న భావం వాళ్ళకు పెట్టని కోట.

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. ట్రాక్ పాడించుకుంటే అదే రోజు డబ్బు ఇవ్వాలి, ఒక కాగితం రాయాలి. ట్రాక్ పాడిన అమ్మాయి గొంతు తీసేసినా ఆమె పేరు ఉండాలి. యూట్యూబ్‌లో పాట కింద కొందరు సంగీత దర్శకులు వేణువు ఎవరిదో, వీణ ఎవరిదో రాస్తున్నారు. వాళ్ళు రాయగలిగినప్పుడు మిగతావాళ్ళూ రాయగలరు. లూప్‌గా కొనుక్కునే డప్పు దెబ్బ కూడా ఎవరో ఒక మనిషి కొట్టిందే, ఆ మనిషికీ వాటా ఉండాలి. జానపదుల దగ్గర పాట సేకరిస్తే, అది పాడి వినిపించిన వ్యక్తితో ఒప్పందం చేసుకున్నాకే రికార్డింగుకు వెళ్ళాలి. పేరు, పలుకుబడి ఉన్న గాయకులు తమ సొంత ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, ఆ పాటకు వాయించినవారి ఒప్పందం కూడా చూపించమని నిర్మాతను అడగాలి.