లిఫ్టు లేదు... డ్రైవరే దిక్కు!

హవాయి అనగానే ఏం గుర్తొస్తుంది? కొబ్బరి చెట్లు, నీలి సముద్రం, మెడలో పూలదండలు. స్కీయింగ్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కానీ అక్కడా మంచు పడుతుంది. దాని మీద జారడానికి జనం బండ్లేసుకుని మరీ కొండెక్కుతారు. అదీ మామూలు కొండ కాదు, అగ్నిపర్వతం!

పేరు మౌనా కియా. హవాయి భాషలో తెల్లని కొండ అని. ఎత్తు దాదాపు 13,800 అడుగులు. సముద్రం అడుగున ఉన్న మొదలు నుంచి కొలిస్తే పది వేల మీటర్లు దాటుతుంది. అంటే ఎవరెస్టు కూడా దీని ముందు పొట్టిదే. చివరిసారి నిప్పులు కక్కింది సుమారు 4,500 ఏళ్ల క్రితం. అందుకే అంత ధైర్యంగా ఎక్కేస్తున్నారు.

డిసెంబరు నుంచి మార్చి దాకా తుపాన్లు వచ్చినప్పుడు శిఖరం తెల్లబడుతుంది. అది ఒక్కోసారి నాలుగు రోజులు కూడా నిలవదు. కాబట్టి కబురు తెలియగానే బయల్దేరాల్సిందే. ముందు యంత్రాలతో రోడ్డు మీది మంచు తోస్తారు. రేంజర్లు గేటు తీసేదాకా కింద ఎదురుచూపులే.

పైన హోటల్ ఉండదు, స్కీలు అద్దెకిచ్చే కొట్టు ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, మనల్ని మళ్లీ పైకి చేర్చే లిఫ్టు ఉండదు. మరెలా? బండే లిఫ్టు! ఒకరు స్టీరింగ్ దగ్గర కూర్చుంటారు. మిగతా వాళ్లు పైన దిగి, సర్రున కిందికి జారతారు. డ్రైవరు చుట్టూ తిరిగొచ్చి కింద వాళ్లను ఎక్కించుకుని మళ్లీ పైకి తీసుకెళ్తారు. వంతులు మారకపోతే ఆ ఒక్కరికీ రోజంతా సరదా లేనట్టే. మన ఇళ్లలో పెళ్లికెళ్లినా కారు తాళాలు పట్టుకుని ఓ మూల కూర్చునే బాబాయ్ ఒకరుంటారే... అలాగన్నమాట.

ఆ డ్రైవింగూ తేలిక కాదు. హిలో పట్నం సముద్రం ఒడ్డునే ఉంటుంది. అక్కడి నుంచి శిఖరానికి రెండు గంటలు చాలు. మన తిరుమల కొండ ఎత్తు మూడు వేల అడుగుల లోపే. దానికి నాలుగింతలకు పైగా ఎత్తుకు ఒక్క పూటలో వెళ్లిపోతామన్నమాట! బండికి సరే, ఒంటికి? పైన గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే అరవై శాతమే. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం... ముదిరితే ఊపిరితిత్తుల్లో, మెదడులో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. మందు ఒక్కటే, వెంటనే కిందికి దిగిపోవడం.

అందుకే 9,200 అడుగుల దగ్గరున్న సందర్శకుల కేంద్రంలో కనీసం అరగంట ఆగమంటారు. ఈ కేంద్రానికి హవాయిలోనే పుట్టి, 1986లో ఛాలెంజర్ ప్రమాదంలో మరణించిన వ్యోమగామి ఎలిసన్ ఒనిజుకా పేరు పెట్టారు. గర్భిణులు, చిన్న పిల్లలు, గుండె జబ్బులున్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవడమే మంచిది. ‘పొద్దున సముద్రంలో, మధ్యాహ్నం మంచులో’ అని గొప్పలు పోయేవాళ్లకూ ఓ మెలిక ఉంది. స్కూబా డైవింగ్ చేస్తే 24 గంటల దాకా కొండెక్కకూడదు. నీటి అడుగున రక్తంలో కరిగిన నైట్రోజన్ పైన బుడగలు కడుతుంది మరి!

కేంద్రం దాటాక ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటేనే వెళ్లాలి. చాలా దూరం కంకర రోడ్డు. దిగేటప్పుడు లో గేర్ తప్పనిసరి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. చివర్లో మాత్రం నున్నటి తారు రోడ్డు వస్తుంది. అది మన కోసం కాదు లెండి, దుమ్ము లేచి టెలిస్కోపుల అద్దాల మీద పడకుండా!

ఇంతకీ మంచు కింద ఉండేది గడ్డి కాదు, లావా రాళ్లు. పొర పల్చగా ఉన్నచోట పడితే చర్మం చెక్కుకుపోతుంది.

స్థానికులకు మాత్రం ఇది ఆటస్థలం కంటే ముందు పుణ్యస్థలం. మంచు దేవత పొలియాహు ఇక్కడే ఉంటుందట. ఓసారి అగ్ని దేవత పెలే మారువేషంలో వచ్చి, కొండవాలు మీద జారుడు బండ్ల పందెంలో ఓడిపోయి, కోపంతో లావా కుమ్మరించిందట. పొలియాహు మంచు కప్పి చల్లార్చేసిందట. చిత్రమేంటంటే, మంచుయుగంలో ఈ కొండ మీద నిజంగానే హిమానీనదాలు ఉండేవి. మంచు తగిలి గబుక్కున చల్లారిన లావా గట్టి రాయిగా మారింది. పూర్వం హవాయి వాళ్లు దాంతోనే బాడిసెలు చెక్కుకున్నారు. 2015లో, 2019లో భారీ టెలిస్కోపు కోసం ఇక్కడ పనులు మొదలుపెట్టబోతే స్థానికులు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపేశారు. ఆ ప్రాజెక్టులో మన దేశానికీ భాగం ఉంది.

స్కీలు లేనివాళ్లు ఏం చేస్తారంటారా? సముద్రంలో అలల మీద ఆడుకునే చిన్న బోర్డులు తెచ్చుకుని వాటి మీదే జారతారు. పోతూ పోతూ పికప్ ట్రక్కు వెనకాల నిండా మంచు పారతో ఎత్తి నింపుకుంటారు. కొండ దిగి, ఇసుకలో దాన్ని కుప్పపోసి, కొబ్బరి చెట్ల కింద మంచుబొమ్మలు చేస్తారు. పొద్దుటి నుంచి బండి నడిపిన మనిషి కూడా అప్పుడు దిగి రెండు ఉండలు విసురుతాడు!