విచారణ లేని చెర ఎవరికి న్యాయం?

కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరై పేరు 2002 నవంబరులో పత్రికలకెక్కింది. అప్పటికింకా కృష్ణగిరి వేరు జిల్లా కాలేదు, ఊత్తంగరై ధర్మపురి జిల్లాలో ఉండేది. నక్సలైట్లతో సంబంధం ఉందంటూ పోలీసులు ఆ ప్రాంతంలో ఇరవై మందికి పైగా అరెస్టు చేశారు. కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. పట్టుబడినవారిలో ఆడవాళ్లు ఉన్నారు, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడూ ఉన్నాడు. 2003 మొదట్లో వాళ్ల మీద పోటా చట్టం పెట్టారు. పిల్లలకు వర్తించేది బాలల న్యాయ చట్టమే తప్ప పోటా కాదని చెప్పించుకోవడానికి మద్రాసు హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

వాళ్లు నేరం చేశారా లేదా అన్నది మనం తేల్చే విషయం కాదు. తుపాకీ దారిని మనం సమర్థించం. మన ప్రశ్న ఒక్కటే. ఒక మనిషి నేరం చేశాడని ప్రభుత్వం నమ్మితే, దాన్ని కోర్టులో రుజువు చేయడానికి ఎంతకాలం తీసుకోవచ్చు? రుజువయ్యేదాకా అతన్ని ఎన్నేళ్లు లోపల ఉంచవచ్చు?

ఇలాంటి చట్టం పక్కవాడికే తగులుతుందని అనుకునేవారికి తమిళనాడే ఒక పాఠం చెప్పింది. 2002 మార్చిలో పార్లమెంటు పోటాను ఆమోదించినప్పుడు ఎండీఎంకే అధికార కూటమిలో ఉంది. అదే ఏడాది జూలైలో ఆ పార్టీ నాయకుడు వైకోను, ఒక సభలో చేసిన ప్రసంగానికి, అదే చట్టం కింద అరెస్టు చేశారు. ఆయన బెయిలు మీద బయటికి వచ్చేసరికి ఏడాదిన్నర దాటింది.

2004లో పోటాను రద్దు చేశారు. కానీ అప్పటికే నడుస్తున్న కేసులు దానితోపాటు పోలేదు. చట్టంలోని చాలా నిబంధనలు కూడా పోలేదు. 2004లో కొన్ని, 2008లో మరికొన్ని, 1967 నాటి ఉపా చట్టంలోకి చేరాయి. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలును సాక్ష్యంగా తీసుకునే నిబంధనను మాత్రం వదిలేశారు. అది మంచిదే. బెయిలు విషయంలో జరిగింది వేరు. పోటాలో నిర్బంధం ఏడాది దాటితే బెయిలు షరతులు సడలేవి. ఉపాలో అలాంటి గడువే లేదు. మామూలు కేసుల్లో 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కు వస్తుంది. ఉపాలో ఆ గడువును 180 రోజుల దాకా పొడిగించవచ్చు. ఆ తర్వాత, పోలీసుల కాగితాలు చూసి ఆరోపణ పైకి నిజమనిపిస్తే కోర్టు బెయిలు ఇవ్వకూడదు. ఆ దశలో సాక్ష్యాలను లోతుగా తూచకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే నిందితుడు తన వాదన వినిపించాలంటే విచారణ రావాలి. విచారణ ఎప్పుడు వస్తుందో చెప్పేవారు లేరు.

దీని ఫలితం మనకు తెలుసు. తిరుచ్చి ప్రాంతంలో పుట్టి జార్ఖండ్ ఆదివాసుల మధ్య బతికిన జెస్విట్ గురువు స్టాన్ స్వామిని 2020 అక్టోబరులో అరెస్టు చేశారు. 2021 జూలై 5న, 84 ఏళ్ల వయసులో, బెయిలు పిటిషన్ పెండింగులో ఉండగానే ఆయన కస్టడీలో కన్నుమూశారు. అప్పటికి విచారణ మొదలే కాలేదు. అదే కేసులో 2018లో అరెస్టయిన తెలుగు కవి వరవరరావుకు, ఆరోగ్యం దెబ్బతిన్నాక, 2022లో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. అప్పటికీ విచారణ మొదలు కాలేదు.

మనవాళ్ల కోసం మాట్లాడటం తేలికే. మనకు కష్టంగా అనిపించే కేసు ఒకటి చూద్దాం. 2010లో కేరళలో ఒక క్రైస్తవ అధ్యాపకుడి చెయ్యి నరికారు. ఆ కేసులో ఒక నిందితుడు విచారణ లేకుండా ఐదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. విచారించాల్సిన సాక్షులు ఇంకా 276 మంది. త్వరగా విచారణ జరగడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, ఉపా షరతులు దాన్ని మింగేయలేవు అంటూ 2021లో సుప్రీంకోర్టు అతని బెయిలును సమర్థించింది. దానివల్ల కేసు కూలిపోలేదు. 2023లో అందులో మరికొందరికి శిక్షలు పడ్డాయి. ఆ తీర్పును మెచ్చుకోగలిగితేనే, స్టాన్ స్వామి కోసం మనం కార్చిన కన్నీటికి విలువ.

బాంబుకు బలైనవారి మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత పాతబస్తీ యువకులను పెద్దసంఖ్యలో పట్టుకెళ్లి కేసులు పెట్టారు. ఆ కేసులు కోర్టులో నిలవలేదు. ప్రభుత్వం ఇస్తామన్న పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. తర్వాతి దర్యాప్తులో విచారణ ఎదుర్కొన్న వేరే ఐదుగురు 2018 ఏప్రిల్‌లో నిర్దోషులుగా బయటపడ్డారు. పదకొండేళ్ల తర్వాత లెక్క చూస్తే, పోయినవారి కుటుంబాలకు న్యాయం దొరకలేదు, జైల్లో మగ్గిన యువకులకూ దొరకలేదు.

దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసును దీని పక్కన పెట్టి చూడండి. 2013 ఫిబ్రవరిలో పేలుళ్లు జరిగాయి, 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది. ఉరిశిక్ష మీద మన అభిప్రాయం వేరు కావచ్చు. కానీ ఉగ్రవాద కేసును కూడా నాలుగేళ్లలోపు విచారించవచ్చని ఆ కోర్టు చూపించింది. ఇలాంటి కేసులను రోజువారీగా విచారించాలని ఎన్‌ఐఏ చట్టమే చెబుతోంది. విచారణ లేని చెర భద్రతకు హామీ కాదు. గ్వాంటనామోలో అమెరికా దాదాపు 780 మందిని ఉంచింది. వాళ్లలో అత్యధికుల మీద ఎన్నడూ కేసే పెట్టలేదు.

ఈ అన్యాయం మన గ్రంథానికి కొత్త కాదు. కైసరయలో పౌలును అధిపతి ఫేలిక్సు తీర్పు చెప్పకుండా రెండేళ్లు బంధకాల్లో ఉంచాడు. లంచం మీద ఆశ ఒకటి, జనాన్ని మెప్పించాలన్న తాపత్రయం మరొకటి. అతని తర్వాత వచ్చిన ఫేస్తుకు, నేరమేమిటో చెప్పకుండా ఖైదీని చక్రవర్తి దగ్గరకు పంపడం తెలివితక్కువగా తోచింది. రోమా అధికారికి తోచిన ఆ పాటి మాట గణతంత్ర ప్రభుత్వానికి తోచకూడదా?

మనం అడగాల్సినవి మూడు. ఉపా కేసుల్లో చార్జిషీటు తర్వాత అభియోగాలు నమోదు చేయడానికి, విచారణ ముగించడానికి చట్టంలో గడువు పెట్టాలి. ఏడాది దాటినా విచారణ మొదలుకాకపోతే మామూలు బెయిలు నియమాలే వర్తించాలి. తప్పుడు కేసుల్లో ఏళ్లు పోగొట్టుకున్నవారికి, 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసినట్టు, పరిహారం దయగా కాక హక్కుగా దక్కాలి.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల సంఘాలు ఈ మూడింటినీ తమ ఎంపీల ముందు పెట్టాలి. చెరలో ఉన్నవారిని చూడటానికి వెళ్లమన్నప్పుడు ప్రభువు వాళ్లు నిర్దోషులైతేనే వెళ్లమనలేదు. వాళ్లు దోషులో కాదో తేల్చాల్సింది కోర్టు. ఆ కోర్టు తలుపు సకాలంలో తెరిపించడం మన బాధ్యత.