స్వరాలు రాయడానికి మౌస్ ఒక్కటే చాలదు

మన కంప్యూటరు గదిలో ఒక్కొక్కరి వంతు 30 నిమిషాలే. పాటకు స్వరాలు రాద్దామని మ్యూజ్‌స్కోర్ తెరిచి, చాలామందిమి మౌస్‌తోనే కుస్తీ పడుతున్నాం. అయిదు గీతల మధ్య ఒక్కో స్వరాన్నీ గురిచూసి పెట్టాలి. చెయ్యి కాస్త జారితే 'గ' ఉండాల్సిన చోట 'మ' పడుతుంది. పాట సగం కాకముందే వంతు అయిపోతుంది.

ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. దాంట్లో కీబోర్డుతో రాయడమే ముందు నేర్పాలన్నది మా అభిప్రాయం. 'ఎన్' నొక్కితే స్వరాలు రాసే పద్ధతి మొదలవుతుంది. 5 నొక్కితే క్వార్టర్ నోటు, 4 నొక్కితే అందులో సగం. 'సి'ని షడ్జమం అనుకుంటే సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అనేవి శంకరాభరణంలోని స రి గ మ ప ద నిలు. సరళీ వరుసల మాయామాళవగౌళ కావాలంటే డి, ఎ నొక్కిన వెంటనే కింది బాణం ఒక్కసారి నొక్కాలి. ఆరోహణ మొత్తం 12 నొక్కులతో పూర్తవుతుంది.

మౌస్ వద్దని కాదు. రాసినదాంట్లో ఒక భాగాన్ని ఎంచుకోవడానికి, తప్పు దొరికిన చోటికి పోవడానికి అదే సులువు. రాయడానికి కీబోర్డు, దిద్దడానికి మౌస్.

మన అమ్మమ్మలు పాడే నాట్ల పాటలు ఎన్నో ఇంకా కాగితం ఎక్కలేదు. వాటిని మనం రాయకపోతే ఎవరు రాస్తారు? సోదర విద్యార్థులారా, ఈ కీలను ఒక అట్ట మీద రాసి కంప్యూటరు పక్కన తగిలిద్దాం. సీనియర్లు జూనియర్లకు నేర్పడానికి వారానికి ఒక గంట ఇప్పించమని వార్డెన్ గారికి మా విన్నపం.